ఎడారిలో బతికేవి, మన ఖబరస్తాన్‌లో బతకనివి

ముందటేడు జూలైలో మన సొసైటీ తరఫున ఖబరస్తాన్ ప్రహరీ వెంట, ఈద్గా దారికి రెండు పక్కలా మొక్కలు నాటిన సంగతి దాతలకు తెలిసినదే. ఆ రోజు తీసిన ఫొటోలు అప్పటి సంచికలో అచ్చువేశాము కూడా. ఆ మొక్కల్లో ఇప్పుడు నిలబడి ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఫొటో వేసినవారమే ఈ లెక్క కూడా చెప్పాలి గనుక, ఈ ఏటి వ్యాసాన్ని ఆ మాటతోనే మొదలుపెడుతున్నాము.

తప్పు ఎవరిదో వెతకనక్కరలేదు, మాదే. నర్సరీకి వెళ్ళి, త్వరగా నీడనిస్తాయన్న ఆశతో నిలువెత్తు మొక్కలు కొన్నాము. బాదం, తురాయి, కొన్ని పూల మొక్కలు, వరసకు అందంగా ఉంటాయని కొన్ని కోనోకార్పస్ మొక్కలు. ఫిబ్రవరి దాకా వారానికి రెండుసార్లు ట్యాంకరుతో నీళ్ళు పోయించాము. తరువాత మసీదు బోరు తగ్గిపోయింది. రంజాన్ నెలలో వజూకే నీళ్ళు చాలని స్థితిలో మొక్కలకు పోయమని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. మే నెల వచ్చేసరికి కర్రలు మిగిలాయి. ఆ నెలలోనే ఒక జనాజా వెంట వెళ్ళిన పెద్దలు ఎండలో నిలబడలేక ప్రహరీ గోడ నీడకు ఒక్కొక్కరే జరుగుతుంటే, ఆ కర్రల వంక చూడడానికి మాకు సిగ్గనిపించింది.

అదే నేలలో ఎవరూ నాటనివి మాత్రం పచ్చగా ఉన్నాయి. మూలనున్న వేప, సమాధుల మధ్య తనంత తానే మొలిచిన రేగు, గట్టు మీది ఈత పొదలు, గేటు పక్క జిల్లేడు. వాటికి ఏనాడూ ఎవరూ చెంబెడు నీళ్ళు పోసినది లేదు.

సాయంత్రపు తరగతిలో మేము ఆరు, ఏడు తరగతుల పిల్లలకు సామాన్యశాస్త్రం చెప్పిస్తున్నాము. ఎడారిలో మొక్కలు, జంతువులు ఎలా బతుకుతాయన్న పాఠం వచ్చినప్పుడు ఒక పాప లేచి, "ఎడారిలో చెట్లు బతుకుతాయంటున్నారు కదండీ, మరి మన ఖబరస్తాన్‌లో నీళ్ళు పోసినా చచ్చిపోయాయేం?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. అప్పటినుంచి చదివినది, పిల్లలతో కలిసి తిరిగి చూసినది ఇక్కడ రాస్తున్నాము.

ముందు మన ఊరి సంగతి. ఎడారి అంటే ఇసుక అనుకుంటాము గాని, లెక్క ఇసుకది కాదు, వానది. ఏడాదికి 250 మిల్లీమీటర్ల కన్నా తక్కువ వాన పడే చోటును ఎడారి అనడం మామూలు. ఆ లెక్కన మంచు కప్పిన అంటార్కిటికా కూడా ఎడారే. రాజస్థాన్‌లోని జైసల్మేరులో 200 మిల్లీమీటర్లకు లోపే పడుతుంది. మన రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే అనంతపురంలో సుమారు 550. ఉమ్మడి కృష్ణా జిల్లాకు సుమారు 1000. కాబట్టి చెవిటికల్లు ఎడారి కాదు, పైగా కృష్ణ ఒడ్డు. కానీ ఆ వానలో మూడింట రెండు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. జనవరి నుంచి మే ఆఖరు దాకా పడేది నామమాత్రం. ఎండల వార్తల్లో నందిగామ పేరు, ఏటికి ఆవల రెంటచింతల పేరు ఏటేటా వినబడుతూనే ఉంటాయి. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు అందిన పొలం సంగతి వేరు. నీళ్ళు అందని మెట్ట చెలక, గట్టు, ఖబరస్తాన్, ఇవన్నీ ఏడాదిలో నాలుగైదు నెలలు ఎడారి బతుకే బతుకుతాయి.

ఏరు కూడా అంతే. 2021 ఆగస్టులో మన ఊరి ఇసుక రీచ్‌లో వందకు పైగా లారీలు ఒక్కసారిగా వచ్చిన వరదలో చిక్కుకుపోయిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. అదే ఇసుక మీద ఏప్రిల్ మధ్యాహ్నం చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయలేము. నీళ్ళు కావాలంటే చెలమ తవ్వాలి. చెలమ తవ్విన ప్రతివాడికీ తెలుసు, పైన నిప్పులా ఉన్న ఇసుక కింద జానెడు లోతున చల్లగా, ఇంకా లోతున తడిగా ఉంటుంది. ఎడారిలో బతికే ప్రాణుల సంగతి సగం ఈ చెలమ దగ్గరే అర్థమవుతుంది.

పిల్లల్ని తీసుకుని మేము మొదట వెళ్ళినది అక్కడికే. ఇసుక మీద ఏటిపుచ్చ తీగ పాకి ఉంది. బత్తాయంత కాయలు, ఆకుపచ్చని చారలు, నాలుక మీద పెట్టలేనంత చేదు. మాతో వచ్చిన సొసైటీ సభ్యుడొకరు చాలా ఏళ్ళు గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు. చూడగానే, "ఇది అక్కడా ఉందిరా, హంజల్ అంటారు" అన్నారు. "నీళ్ళు లేకుండా ఎట్లా బతుకుతుంది చాచా?" అని పిల్లలు అడిగారు. నీళ్ళు లేకుండా బతకదు. అందరూ ఎడారి మొక్కలంటే పొదుపు అనుకుంటారు గాని, ఈ తీగది దానికి పూర్తిగా తలకిందుల పద్ధతి. దీని వేరు ఇసుక లోతుల్లోని తడిని అందుకుంటుంది. అందుకున్న నీటిని ఆకుల గుండా ధారాళంగా ఆవిరి చేస్తుంది. కూజా నీళ్ళు చల్లబడినట్టు, ఆ ఆవిరితో ఆకు చల్లబడుతుంది. జర్మనీ శాస్త్రవేత్త ఒట్టో లాంగే 1950లలో సహారాలో దీని ఆకుల వేడిని కొలిచినప్పుడు అవి చుట్టూ ఉన్న గాలి కన్నా ఎంతో చల్లగా ఉన్నాయి. తీగ నుంచి కోసిన ఆకు మాత్రం కాసేపట్లోనే వేడెక్కి మాడిపోయింది. అంటే ఆకుకు ఎండను తట్టుకునే బలం సొంతంగా లేదు. ఉన్నదంతా వేరు అందించే నీటి వల్లనే. మా బాదం మొక్కలు చేసినదీ ఇదే పని, కాకపోతే వాటి వేరుకు కింద చెలమ లేదు. పైన ట్యాంకరు ఉన్నన్నాళ్ళు పచ్చగా ఉన్నాయి, ట్యాంకరు ఆగిన నెలకు మాడిపోయాయి.

ఇక్కడ ఆకు సంగతి కొంచెం వివరించాలి. ఆకు అడుగున కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. వాటినే పత్రరంధ్రాలంటారు. మొక్క అన్నం వండుకోవడానికి కావలసిన కార్బన్ డయాక్సైడ్ గాలి నుంచి ఈ రంధ్రాల గుండానే లోపలికి రావాలి. తలుపు తెరిస్తే గాలి లోపలికి వస్తుంది, అదే తలుపు గుండా లోపలి తడి బయటికి పోతుంది. వేరు తాగిన నీటిలో నూటికి 95 పాళ్ళకు పైగా ఇలా గాలిలో కలిసిపోయేదే. తలుపు మూస్తే ఆకలి, తెరిస్తే దాహం. పొడి నేలలో బతికే ప్రతి మొక్కా ఈ ఇబ్బందికి తనదైన పరిష్కారం ఒకటి వెతుక్కున్నదే.

జిల్లేడు ఆకు మీద వేలితో రాస్తే తెల్లని పిండి వంటిది అంటుకుంటుంది. ఆ పూత, దాని కింది మైనపు పొర కలిసి ఎండను వెనక్కి తిప్పికొడతాయి, తడిని లోపల ఆపుతాయి. ఆకు తుంచితే కారే పాలు విషం. అందుకే మేకలు మామూలుగా దాని జోలికి పోవు. ఎండలో నీళ్ళు కాపాడుకోవడం ఒక ఎత్తు, కాపాడుకున్న నీళ్ళను దప్పిగొన్న నోళ్ళ నుంచి కాపాడుకోవడం ఇంకో ఎత్తు. తుమ్మకు, రేగుకు ముళ్ళున్నది అందుకే. తుమ్మ ఆకును చూడండి, చిన్న చిన్న రేకులుగా చీలి ఉంటుంది. సన్నని రేకు గాలికి త్వరగా చల్లారుతుంది, బాదం ఆకంత వెడల్పుంటే పెనంలా కాలుతుంది.

జెముళ్ళు అసలు ఆకునే వదులుకున్నాయి. ఆకు చేసే పని కాండానికి అప్పగించి, ఆ కాండాన్నే నీటి తిత్తిగా మార్చుకున్నాయి. పలకలు పలకలుగా ఉండే నాగజెముడు అమెరికా ఖండాల నుంచి వచ్చినది. గిల్లితే పాలు కారే బొమ్మజెముడు మన దేశానిది. రెండూ వేరువేరు కుటుంబాలు, చుట్టరికం లేదు. అయినా కరువు రెంటికీ ఇంచుమించు ఒకే రూపమిచ్చింది.

నాగజెముడుకు ఇంకో గుట్టు ఉంది. తలుపులను పగలు మూసి రాత్రి తెరుస్తుంది. రాత్రి చల్లదనంలో తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను పులుపుగా, అంటే ఒక రకమైన ఆమ్లంగా, దాచుకుంటుంది. తెల్లారాక తలుపులు మూసుకుని, దాచిన దానితో ఎండ వెలుగులో వంట చేసుకుంటుంది. నీళ్ళ ఖర్చు ఎంతో కలిసివస్తుంది. ఈ సంగతి ప్రపంచానికి తెలియడంలో మన దేశానికి, కొంత మన గోదావరి ప్రాంతానికి కూడా వాటా ఉంది. బెంజమిన్ హేన్ అనే జర్మన్ వైద్యుడు 1790లలో సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ తోటలో పనిచేశాడు. ఆయన తరువాతి కాలంలో, మన పెరళ్ళలో ఉండే రణపాల ఆకును నమిలి చూసి, తెల్లవారుజామున పుల్లగా ఉన్నది మధ్యాహ్నానికి చప్పబడుతుందని, సాయంత్రానికి చేదెక్కుతుందని గమనించి లండన్‌కు ఉత్తరం రాశాడు. అది 1815లో అచ్చయింది. ఇప్పుడు ఈ విషయం మీద రాసే శాస్త్రవేత్తలు ఆయన పేరును తలుచుకుంటారు. మా పిల్లలు ఫజర్ తరువాత ఒకసారి, అసర్ తరువాత ఒకసారి రణపాల ఆకు కొరికి చూశారు. పొద్దున అందరూ ముఖం చిట్లించారు. ఇంట్లో కుండీలో రణపాల ఉన్నవారు ఎవరైనా చూడవచ్చు, చిన్న ముక్క చాలు.

పొదుపు ఆకుదైతే, సంపాదన వేరుది. పిల్లలకు చెప్పడానికి మాకు అన్నిటికన్నా ఇష్టమైనది జమ్మిచెట్టు. దసరాకు మన ఇరుగుపొరుగువారు ఆకు తెచ్చి చేతిలో పెట్టే జమ్మే రాజస్థాన్‌లో ఖేజ్రీ, అరబ్బు దేశాల్లో గాఫ్. తెలంగాణ రాష్ట్ర వృక్షం, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం, యూఏఈ జాతీయ వృక్షం మూడూ ఇదే. దుబాయి రోడ్ల పక్కన ఇసుకలో ముళ్ళతో నిలబడే చెట్టును రోజూ చూసినా, అది మన ఊరి జమ్మి అని తనకు తట్టనేలేదని మా సభ్యుడు నవ్వారు. బహ్రెయిన్‌లో చుట్టూ మరో చెట్టు లేని ఇసుకలో ఒంటరిగా నిలిచి ఉన్న "షజరతుల్ హయాత్", అంటే జీవవృక్షం, ఈ జాతిదే. దాని వయసు సుమారు 400 ఏళ్ళంటారు. ఈ చెట్టు పైకి పెరిగే ముందు కిందికి పెరుగుతుంది. పిల్లమొక్కగా ఉన్నప్పుడు పైన జానెడు ఉంటే కింద వేరు అంతకు ఎన్నో రెట్లు దిగి ఉంటుంది. చుట్టూ అంతా ఎండిన వేసవిలో కొత్త చిగురు తొడుగుతుంది. ఆ ఆకే ఒంటెలకు, మేకలకు మేత, కాయలు మనుషులకు కూర. పైగా వేళ్ళలోని సూక్ష్మజీవుల వల్ల నేలకు నత్రజని చేరుతుంది గనుక, దాని కింద సజ్జ బాగా పండుతుందని అక్కడి రైతులు చెట్టును కొట్టరు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ గ్రామంలో ఈ చెట్లను నరకడానికి రాజు మనుషులు వస్తే, బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకుని నిలబడ్డారు. ఆనాడు 363 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు.

దానికి దాయాది సర్కారు తుమ్మ. అమెరికా ఖండాల నుంచి తెప్పించి 1877 ప్రాంతంలో కడప జిల్లాలో నాటారు, వంటచెరకు కోసం. తరువాతి కథ మన మెట్టలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఈ జాతి చెట్టు వేరు ఒకటి అమెరికాలోని అరిజోనాలో గని తవ్వుతుంటే 50 మీటర్లకు పైన లోతున కనబడింది. కాయలు తిన్న మేకలు గింజలను ఊరంతా వెదజల్లుతాయి. బొగ్గు కాల్చుకునేవారికి కూడు పెట్టిన మాట నిజమే, కానీ అది నిలిచిన చోట గడ్డి సరిగా మొలవదు, చెరువు లోపల మొలిస్తే చెరువు పోయినట్టే. కరువులో బతకడం వచ్చిన ప్రతి చెట్టూ మనకు మేలు చేసేదే అనుకోరాదు. మేము నాటిన కోనోకార్పస్ కూడా ఎర్రసముద్రపు తీరాల వైపు నుంచి వచ్చినదే. ఎండకు అది తట్టుకుంది, ఒప్పుకుంటాము. కానీ దాని వేళ్ళు పైపులలోకి, పునాదులలోకి చొరబడతాయని, పుప్పొడి ఉబ్బసం ఉన్నవారికి మంచిది కాదని చెప్పి గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటవద్దని నిషేధించింది. మసీదు పైపులైను పక్కన ఉన్న వాటిని మేము తీయించేశాము. ఇది రెండో తప్పు లెక్క.

వేప మాట వేరు. మన గడప ముందు వేప అక్కడి ఎడారిలోనూ నిలబడింది. హజ్‌కు వెళ్ళివచ్చినవారు అరఫాత్ మైదానంలో వరసలు వరసలుగా ఉన్న చెట్ల నీడన కూర్చునే ఉంటారు. అవి చాలావరకు వేపచెట్లు. 1980లలో హాజీల నీడ కోసం అక్కడ సుమారు 50,000 వేపమొక్కలు నాటారు. అయితే వాటికి అక్కడ నీటి ఏర్పాటు ఉంది, మనకు లేదు. మరి మన వేప ఎలా నెగ్గుకొస్తుంది? వేసవి ముదరక ముందే పాత ఆకు రాల్చి, లేత చిగురుతో ఎండల్లోకి వస్తుంది. ఆ సరికే వేరు లోతుకు దిగి ఉంటుంది. రేగు ఇంకా తెలివైనది. చలికాలంలో కాయ ఇచ్చేసి, ఎండలు ముదిరేసరికి ఆకు రాల్చి నిద్రపోతుంది. ఆ సమయంలో కొమ్మలు కొట్టినా దానికి పట్టదు, వాన చినుకుతో మళ్ళీ చిగురిస్తుంది. మయ్యిత్ గుసుల్‌కు బేరీ ఆకు కావాలని ఎండాకాలంలో ఊరంతా వెతికే అవస్థ ఉన్నది ఇందుకే. అరబ్బు దేశాల సిద్ర్ చెట్టు ఈ రేగుకు దగ్గరి చుట్టం.

ఖర్జూరం గురించి ఒక్క మాట. దాని కాళ్ళు నీళ్ళలో, తల నిప్పుల్లో ఉండాలని అరబ్బులు అంటారట. అది నిజంగా పొదుపరి చెట్టు కాదు. నేల కింద నీళ్ళున్న చోటే ఒయాసిస్ ఉంటుంది, అక్కడే ఖర్జూరం ఉంటుంది. మన ఈత దాని సొంత చెల్లెలు, ఆడచెట్టు, మగచెట్టు వేరువేరుగా ఉండడంతో సహా. గట్టు మీద ఈత పొద గుబురుగా ఉంటే కింద ఎంతో కొంత చెమ్మ ఉన్నట్టే అని మా పెద్దలు చెప్పేది అందుకే కాబోలు.

చెట్టు కదలలేదు, జంతువు కదలగలదు. ఎడారి జంతువుల్లో ఎక్కువ భాగం చేసే మొదటి పని ఎండకు ఎదురు నిలవకపోవడం. పగలంతా బొరియల్లో ఉండి రాత్రి బయటికి వస్తాయి. నేలలో అరమీటరు లోతుకు పోతే పగటికీ రాత్రికీ వేడిలో తేడా దాదాపు ఉండదు. థార్ ఎడారిలోని ఎలుకలు అక్కడే కాలం గడుపుతాయి. అమెరికా ఎడారుల్లో కంగారూ ఎలుక అనే చిన్న ప్రాణి జీవితమంతా నీళ్ళు తాగకుండా బతకగలదు. ఎండు గింజలు తింటుంది, ఆ గింజలు ఒంట్లో అరిగినప్పుడు పుట్టే నీటితోనే సరిపెట్టుకుంటుంది. మన ఒంట్లోనూ అలా నీరు పుడుతుంది గాని, మన ఖర్చుకు అది ఏ మూలకూ చాలదు.

నిద్రపోయేవి మన దగ్గరా ఉన్నాయి. చెరువు ఎండగానే గోదురుకప్పలు మట్టిలోకి దిగిపోతాయి. గుండె, ఊపిరి నెమ్మదిస్తాయి. తిండి లేదు, నీళ్ళు లేవు. దీన్ని గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. మొదటి పెద్ద వాన పడిన రాత్రి ఊరు ఊరంతా వినబడే బెకబెకలు అవి లేచిన చప్పుడు. నీటిగుంట మళ్ళీ ఎండేలోపు గుడ్లు పెట్టాలి, తోకకప్పలు కప్పలు కావాలి, అందుకే ఆ తొందర. ఆరుద్ర కార్తెలో నేల మీద ఎర్ర ముఖమల్ గుండీల్లా పాకే ఆరుద్ర పురుగులు, మన ఇళ్ళలో బీర్ బహూటీ అనేవి, ఏడాదిలో ఎక్కువ కాలం నేల కిందే ఉంటాయి. వాన తడిపిన ఆ కొద్ది రోజులే వాటికి లోకం. ఇప్పుడు చెలకల్లో మందుల వాడకం పెరిగాక అవి కనబడడం తగ్గిందని రైతులు అంటుంటారు. మా పిల్లల్లో సగం మంది వాటిని ఎప్పుడూ చూడలేదు.

ఒక పక్షి కథ పిల్లలకు బాగా నచ్చింది. పొడి నేలల్లో పావురం లాగా ఉండే ఒక పక్షి జాతి ఉంది, నేల మీదే గూడు, గూటికి దూరంగా ఎక్కడో నీళ్ళు. మగపక్షి నీటిగుంటలో దిగి, పొట్ట మీది ఈకలను స్పంజిలా తడుపుకుని, ఎగిరి వెళ్ళి నిలబడితే పిల్లలు ఆ ఈకల నుంచి నీళ్ళు పీల్చుకుంటాయి. 1896లో ఒక ఇంగ్లీషు పక్షిప్రేమికుడు ఈ మాట రాస్తే చాలామంది నమ్మలేదు. 1967లో కొలతలతో రుజువైంది.

ఇక ఒంటె. తిరునాళ్ళకు ఒంటె వస్తే పిల్లలు చూపించేది మూపురాన్నే, అందులో నీళ్ళున్నాయని. పిల్లలే కాదు, పెద్దలూ అదే అనుకుంటారు. మూపురంలో ఉన్నది కొవ్వు. మేత దొరకని రోజుల్లో కరిగి శక్తినిస్తుంది. అంత కొవ్వునూ ఒళ్ళంతా పరిస్తే దుప్పటి కప్పుకున్నట్టు వేడి లోపలే నిలిచిపోతుంది గనుక, ఒక్కచోట పోగేసుకుంది.

ఒంటె అసలు సంగతి తేల్చినది నట్ ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త. 1950లలో ఆయన కుటుంబంతో సహా అల్జీరియాలోని సహారాకు వెళ్ళి, ఒంటెలను కొని, వాటి వేడిని, బరువును, మూత్రాన్ని నెలల తరబడి కొలిచాడు. మన ఒంటి వేడి ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే జ్వరం అంటాము. దాన్ని పెరగనివ్వకుండా చెమట పోస్తాము. నీళ్ళు తాగని ఒంటె తెల్లవారుజామున 34 డిగ్రీలకు చల్లబడి, సాయంత్రానికి 40 దాటేదాకా వేడెక్కుతూ ఉంటుంది, చెమట పట్టనివ్వదు. ఆ వేడిని రాత్రి చల్లగాలికి ఊరకే వదిలేస్తుంది. 500 కిలోల ఒంటెకు ఈ ఒక్క పద్ధతితో రోజుకు సుమారు అయిదు లీటర్ల నీళ్ళు మిగులుతాయి. వీపు మీది దట్టమైన బొచ్చు ఎండకు అడ్డం. బొచ్చు కత్తిరించిన ఒంటెకు చెమట సగానికి సగం ఎక్కువ పోసిందని ఆయన చూశాడు. ముక్కు లోపలి వంకర దారులు బయటికి పోయే ఊపిరిలోని తడిని వెనక్కి పట్టుకుంటాయి. పెంట తీసిన వెంటనే పొయ్యిలో పెట్టేంత పొడిగా ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద తేడా రక్తంలో ఉంది. మనిషి ఎండలో పని చేస్తే గంటకు లీటరు పైగా చెమట పోవచ్చు. ఆ నీరు పోతున్నకొద్దీ రక్తం చిక్కబడుతుంది. చిక్కబడిన రక్తాన్ని గుండె చర్మం దాకా తోయలేకపోతుంది, లోపలి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, ఇక అక్కడినుంచి వేడి ఒక్కసారిగా ఎక్కిపోతుంది. వడదెబ్బలో మనిషి నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోవడం ఇందుకే. ఒంటి బరువులో పదోవంతు నీరు పోతే మనకు ప్రాణాపాయం. ఒంటె నాలుగోవంతు పోయినా నడుస్తుంది, ఎందుకంటే అది పోగొట్టుకునే నీరు ఎక్కువగా కండల నుంచి, పొట్ట నుంచి, రక్తం నుంచి తక్కువ. తరువాత నీళ్ళు దొరికితే పది నిమిషాల్లో వంద లీటర్ల పైన తాగేస్తుంది. అంత నీరు ఒక్కసారిగా కలిసినా దాని రక్తకణాలు ఉబ్బి పగలవు.

ఇది చెప్పినప్పుడు మా సభ్యుడు, యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన ఉందని గుర్తుచేశారు. ఎడారి వారికి మన ఒంటి సంగతి తెలుసు. మన దగ్గర మే నెలలో ఖబర్ తవ్వేవారు అదే వేళకు గడ్డపార పట్టుకుని గుంతలో ఉంటారు. మేము ఇంతకాలం పట్టించుకోనిది అది. ఇకమీదట వేసవిలో సాధ్యమైనంతవరకు తవ్వకం పొద్దునే మొదలుపెట్టించాలని, అక్కడ ఒక పట్టా పందిరి, మంచినీటి కుండ, ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు ఉంచాలని తీర్మానించుకున్నాము. దీనికి అయ్యే ఖర్చు చిన్నదే.

మొక్కల విషయానికి వస్తే, ఈసారి నిలువెత్తు మొక్కలు కొనడం లేదు. పాలిథిన్ సంచిలో రెండేళ్ళు పెరిగిన మొక్కకు తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుపోయి ఉంటుంది. నాటాక అది నేలలోకి దిగదు. మేము ఎండిన మొక్కలను పీకి చూసినప్పుడు చాలావాటి వేళ్ళు సంచి ఆకారంలోనే ఉన్నాయి. దాదాపు ఏడాది పాటు జానెడు లోతు కూడా దాటలేదు. పైపైన పోసిన ట్యాంకరు నీళ్ళు వేరును పైనే ఉండమని అలవాటు చేశాయి కూడా. అందుచేత గింజనే నేలలో వేస్తాము. వేపగింజకు మొలకెత్తే శక్తి కొద్ది వారాలే ఉంటుంది. పండు రాలగానే గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే వేయాలి. రేగు పెంకు గట్టిది, మెల్లగా చితక్కొట్టి వేయాలి. జమ్మిగింజను వేడినీళ్ళలో ఒక రాత్రి నానబెట్టాలి. గొయ్యికి మూడు గింజలు, వాలుకు కింది వైపున అర్ధచంద్రం ఆకారంలో చిన్న కట్ట, పడిన వాన అక్కడే ఇంకేటట్టు. చుట్టూ తుమ్మ కంప. జిల్లేడును పిచ్చిమొక్క అని పీకించడం మానేశాము, దాని చాటున మొలిచిన వేప పిల్లను మేకలు చూడవు. నీడ రావడానికి ఆరేడేళ్ళు పట్టవచ్చని దాతలకు ముందే చెబుతున్నాము. ఈ రెండేళ్ళూ ఫొటో తీసినా కనబడేది కంపే.

కిందటిసారి ట్యాంకర్లకు అయిన ఖర్చుతో పోలిస్తే ఈ పనికి కావలసినది కొద్ది. మిగిలిన పైకం మొక్కల పద్దులోనే ఉంచాము, దాని జమాఖర్చు ఈ సంచిక చివరి పేజీల్లో ఉంది. జూన్‌లో వేపపళ్ళు రాలడం మొదలవగానే పిల్లలు గింజలు ఏరుతారు. ఇళ్ళ ముందు వేపచెట్టున్న వారు ఆ పది రోజులు పళ్ళను ఊడ్చి పారబోయకుండా ఒక పక్కకు పోగుచేసి ఉంచితే, పిల్లలు అసర్ తరువాత సంచులతో వచ్చి తీసుకుపోతారు.